మీట వేస్తే పడింది కదా అని పాత బ్రేకరును నమ్మరాదు

లింగాల: ఈ మండలంలో చీనీ, అరటి తోటలున్న రైతులకు స్టార్టరు, ఫీజు కట్టలు, మెయిన్ స్విచ్చి కొత్త కావు. మాటిమాటికీ ఫీజు పోతోందని కట్టలో లావు తీగ చుట్టడమూ కొత్త కాదు. ఆ పూటకు తోట తడుస్తుంది. మోటారుకు నిజంగా ఏదైనా అయిన నాడు మాత్రం ఆ తీగ కరగదు, వైండింగే కాలుతుంది. కర్మాగారాల్లో ఈ ఫీజు కట్ట పని చేసేది సర్క్యూట్ బ్రేకరు. అది పనిచేయవలసిన క్షణంలో పనిచేయకపోతే అక్కడ కాలేది ఒక్క మోటారు కాదు, ప్యానెల్ ముందు నిలబడిన మనిషి కూడా.

యర్రగుంట్ల చుట్టుపక్కల సిమెంటు కర్మాగారాలున్నాయి. కలమల్ల వద్ద ముద్దనూరు థర్మల్ అని అందరూ పిలిచే రాయలసీమ థర్మల్ కేంద్రం ఉంది. పక్కనే వేముల మండలం తుమ్మలపల్లెలో యురేనియం శుద్ధి కర్మాగారం 2012లో మొదలైంది. ఐటిఐ చదివిన పల్లె కుర్రవాళ్లకు ఇటువంటి చోట్ల దొరికేది ఎక్కువగా మరమ్మతు పనే. కనుక పాత బ్రేకరు సంగతి ఇంజనీర్లకే వదిలేయదగినది కాదు.

పది హార్సుపవర్ల మోటారు నడిచేటప్పుడు లాగే కరెంటు సుమారు 14, 15 ఆంపియర్లు. కర్మాగారంలో 11 కెవి లైను షార్టయితే ఒక్కసారిగా వేల ఆంపియర్లు ప్రవహిస్తాయి. బ్రేకరు తన కాంటాక్టులను విడదీసినా కరెంటు ఊరికే ఆగదు, రెండింటి నడుమ మంటగా సాగుతుంది. ఆ మంటను సెకనులో పదో వంతులోపే ఆర్పాలి. పాత రకాల్లో నూనె ఆర్పుతుంది, కొన్నింటిలో గాలి. ఇప్పటి వాటిలో శూన్యపు గొట్టాలు ఆ పని చేస్తున్నాయి.

పాతదే ఎందుకు?

కొత్తవి దొరుకుతుండగా పాతవాటి కోసం వెతకడం పిసినారితనంగా కనిపించవచ్చు. కారణం వేరే ఉంది. ముప్ఫై నలభై ఏళ్ల కిందటి ప్యానెల్‌లో బ్రేకరు చక్రాల బండి మీద కూర్చొని లోపలికి జరుగుతుంది. దాని కొలతలు, వెనుక కాంటాక్టుల వరుస ఆ మోడల్‌కే సొంతం. వేరేది పట్టదు. ప్యానెల్ మొత్తం మార్చాలంటే కర్మాగారాన్ని రోజుల తరబడి ఆపాలి. సిమెంటు కొలిమి చల్లారితే నష్టం ఏపాటిదో అక్కడ పనిచేసేవారికి తెలుసు.

తయారీదారులేమో చేతులు మారారు. ఇంగ్లీష్ ఎలక్ట్రిక్ పేరే పోయింది. ఎల్ అండ్ టి వారి స్విచ్‌గేర్ వ్యాపారం 2020లో ష్నైడర్ పరమైంది. పాత మోడల్ విడిభాగాలు అడిగితే దొరుకుతాయన్న భరోసా లేదు. అందువల్ల మూతపడిన మిల్లుల సామాను, కేంద్ర ప్రభుత్వ సంస్థ ఎంఎస్‌టిసి నడిపే వేలాలు, సికింద్రాబాద్ రాణిగంజ్ వంటి బజార్లు దిక్కవుతాయి. పాత బండిని ఉంచుకొని అందులో కొత్త శూన్యపు బ్రేకరును అమర్చే పద్ధతి కూడా ఉంది. ఖర్చు భరించగలిగితే అదే మేలు.

గుజరీ సామానులో మోసం మన దేశానికే పరిమితం కాదు. 1988లో అమెరికాలోని డయాబ్లో కాన్యన్ అణు విద్యుత్ కేంద్రంలో, కొత్తవని కొన్న బ్రేకర్లు నిజానికి పాతవాటికి మెరుగులు దిద్దినవని బయటపడింది. ఆ ఏడాది నవంబరులోనే ఆ దేశపు అణు నియంత్రణ కమిషన్ అణు కేంద్రాలన్నింటికీ బులెటిన్ పంపింది. నిల్వలో ఉన్న ఆ రకం బ్రేకర్లు ఏ తయారీదారు దగ్గర బయలుదేరి ఎవరి చేతులమీదుగా వచ్చాయో కాగితాలతో సరిచూడమని దాని సారాంశం. అణు కేంద్రాన్నే ఏమార్చిన వ్యాపారం చిన్న కర్మాగారపు స్టోర్సును ఏమార్చలేదా?

మొదటి దెబ్బకు పడాలి

దుకాణంలో మీట వేసి, తీసి, టపటపమనిపించి చూపుతారు. అది పరీక్ష కాదు. ఏళ్ల తరబడి కదలకుండా ఉన్న బ్రేకరులో గ్రీజు గట్టిపడుతుంది. మొదటిసారి ట్రిప్ ఇస్తే నెమ్మదిగా కదులుతుంది, ఒక్కోసారి కదలనే కదలదు. నాలుగైదు సార్లు ఆడిస్తే గ్రీజు వదులై బాగానే పడుతుంది. ప్యానెల్‌లో పెట్టి ఆరునెలలు వదిలేస్తే మళ్లీ మొదటికొస్తుంది. షార్టయినప్పుడు రెండో అవకాశం ఉండదు కాబట్టి, వచ్చిన బ్రేకరును ఎవరూ ఆడించకముందే టైమరు తగిలించి మొదటి ట్రిప్‌కు పట్టిన కాలాన్ని రాసుకోవాలి. చాలాచోట్ల దాటవేసేది ఈ ఒక్క పనినే. ఆ తర్వాత పాత గ్రీజును పూర్తిగా కడిగి, తయారీదారు చెప్పిన గ్రీజే పెట్టాలి. చేయి లోపల పెట్టేముందు స్ప్రింగు బలం దించడం మరువరాదు. కరెంటు లేకపోయినా ఆ స్ప్రింగు వేళ్లు నుజ్జు చేయగలదు.

బ్యాటరీ నీరసించినప్పుడు కూడా ట్రిప్ కాయిల్ పనిచేయాలి. 110 వోల్టుల కాయిలైతే 77 వోల్టులకే బ్రేకరును పడగొట్టాలి. ఇన్సులేషన్‌ను మెగ్గరుతో చూస్తారు. కాంటాక్టుల గుండా 100 ఆంపియర్ల డిసి పంపి నిరోధాన్ని మైక్రోఓముల్లో కొలుస్తారు. మూడు ఫేజుల్లో ఒకటి మిగతావాటికంటే బాగా ఎక్కువ చూపిస్తే ఆ కాంటాక్టు అరిగిందనో, వదులైందనో అర్థం. నూనె బ్రేకరైతే నూనెను, శూన్యపుదైతే గొట్టాన్ని ఎక్కువ వోల్టేజితో పరీక్షించాలి. రిలీజు ఎంత కరెంటుకు పడుతుందో నిజంగా అంత కరెంటు పంపే చూడాలి.

ఇన్నీ నెగ్గినా ఒక ప్రశ్న మిగులుతుంది. అసలు షార్టు కరెంటును అది తెంచగలదా? దానిని కర్మాగారంలో పరీక్షించే వీలు లేదు. 1960లో ఏర్పడిన కేంద్ర విద్యుత్ పరిశోధనా సంస్థకు భోపాల్, బెంగుళూరుల్లో అటువంటి ప్రయోగశాలలున్నాయి. అక్కడ కూడా నమూనానే పరీక్షిస్తారు, వాడబోయే ప్రతి బ్రేకరునూ కాదు. కాబట్టి నేమ్ ప్లేటు చదవక తప్పదు. పాత ప్లేట్ల మీద సామర్థ్యం ఎంవిఎలో ఉంటుంది. 11 కెవి దగ్గర 250 ఎంవిఎ అంటే సుమారు 13 వేల ఆంపియర్లు. కర్మాగారం కట్టిన నాటికి అది చాలి ఉండవచ్చు. తర్వాత సబ్‌స్టేషన్లో ట్రాన్స్‌ఫార్మర్లు పెరిగితే షార్టు కరెంటూ పెరుగుతుంది. అప్పుడు అచ్చంగా అదే మోడల్, ఎంత మంచి స్థితిలో దొరికినా, పనికిరాదు.

రాతినార పలకలు

పాత గాలి బ్రేకర్లలో కాంటాక్టుల పైన పెట్టెల్లాంటివి ఉంటాయి. మంటను సాగదీసి, ముక్కలు చేసి చల్లార్చే ఆర్క్ చూట్లు అవి. అనేక పాత మోడళ్లలో వీటి బూడిదరంగు పలకలను రాతినార, సిమెంటు కలిపి చేసేవారు. రాతినార ఈ ప్రాంతానికి పరాయిది కాదు. పాత పులివెందుల తాలూకాలో బ్రాహ్మణపల్లె వైపు గనులు తవ్వి తీసినది అదే. కొత్త లీజులు ఇవ్వవద్దని కేంద్రం 1986లో రాష్ట్రాలకు సూచించింది, ఉన్నవాటి పొడిగింపును 1993లో ఆపింది. ఆ దుమ్ము ఊపిరితిత్తుల్లో చేరితే రోగం ఇరవై, ముప్ఫై ఏళ్లకు గాని బయటపడకపోవచ్చు. క్యాన్సరు కూడా వస్తుంది.

మసిపట్టిన పలకలను ఉప్పుకాగితంతో రుద్దడం, గాలి గొట్టంతో ఊదడం మరమ్మతు షెడ్లలో మామూలు అలవాటు. రాతినార లేదని కాగితం ఉంటే తప్ప ఆ పని చేయరాదు, చేయించరాదు. ముక్కుకు తువ్వాలు కట్టుకుంటే చాలదు. పగిలిన పలకలను తడిపి, మందపాటి ప్లాస్టిక్ సంచిలో మూట కట్టి, ప్రమాదకర వ్యర్థాల కింద అప్పగించాలి. వేడికి తట్టుకుంటాయి కదా అని ఇంటికి తెచ్చి పొయ్యి చుట్టూ పరచుకోరాదు.