ప్రాణవాయువు – పీడనం

దేవరుప్పుల వంటి పల్లెలలో వ్యవసాయ బావులలో ఈత నేర్చినవారికి ఒక అనుభవం ఉంటుంది. గట్టు మీదినుండి దూకి అడుగుకు పోయేకొద్దీ చెవులలో పోటు మొదలవుతుంది. పైనున్న నీటి బరువే దానికి కారణం. నేలమీద మనం ఒక వాతావరణ పీడనాన్ని మోస్తూ ఉంటాము. నీటిలో సుమారు 10 మీటర్లు దిగితే దానికి మరొకటి తోడవుతుంది. 20 మీటర్ల లోతున అది మూడింతలవుతుంది. ఊపిరి బిగబట్టి దూకినవాడు వెంటనే పైకి వస్తాడు గనుక అతనికి చెవిపోటుతోనే సరి. నీటి అడుగున ఊపిరి తీసుకొంటూ పనిచేసే డైవరు సంగతి వేరు. అతడు పీల్చే గాలి కూడా అంతే పీడనంతో అందాలి. అప్పుడు అందులోని ప్రాణవాయువు అతని శరీరాన్ని ఏమి చేస్తుంది?

మనం తిన్న ఆహారం శక్తిగా మారటానికి ప్రాణవాయువు అవసరం. ఆ శక్తి కణాలలో ఏటీపీ అనే పదార్థ రూపంలో లభిస్తుంది. 1929లో హార్వర్డులో సైరస్ ఫిస్కేతో కలిసి ఏటీపీని గుర్తించిన శాస్త్రజ్ఞుడు భీమవరంలో జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావు. కణాలకు ప్రాణవాయువును చేరవేసేది ఎర్రరక్తకణాలలోని హీమోగ్లోబిన్. 100 మిల్లీలీటర్ల రక్తంలో అది సుమారు 20 మిల్లీలీటర్ల ప్రాణవాయువును మోస్తుంది. రక్తద్రవంలో నేరుగా కరిగేది 0.3 మిల్లీలీటరు మాత్రమే. అయితే మూడు వాతావరణాల పీడనంలో స్వచ్ఛమైన ప్రాణవాయువును పీలిస్తే ఈ కరిగే భాగం దాదాపు 6 మిల్లీలీటర్లకు పెరుగుతుంది. విశ్రాంతిగా ఉన్న శరీరానికి ఆ మాత్రం చాలు. 1960లో ఆంస్టర్‌డాంలో బోరెమా అనే శస్త్రవైద్యుడు ఎర్రరక్తకణాలు దాదాపు లేని పందులను ఈ పద్ధతిలో బ్రతికించి చూపాడు.

చలికాలంలో తలుపులు బిగించి బొగ్గుల కుంపటి పెట్టుకొని నిద్రించినవారు ప్రాణాపాయానికి గురికావటం మనం వింటూనే ఉంటాము. బొగ్గు సరిగా కాలక వెలువడే కార్బన్ మోనాక్సైడు హీమోగ్లోబిన్‌ను పట్టుకొని వదలదు. మామూలు గాలిలో దానిలో సగం తొలగటానికి ఐదు గంటలు పడుతుంది. మూడు వాతావరణాల ప్రాణవాయువులో ఇరవై నిమిషాలకు కొంచెం ఎక్కువ సమయం చాలు.

ఇంత మేలుచేసే వాయువు అదే పీడనం వలన విషమూ కాగలదు. 1878లో ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు పాల్ బెర్, పీడనం మితిమీరినపుడు ప్రాణవాయువు వలన జంతువులకు మూర్ఛలు వస్తాయని వెల్లడించాడు. ప్రాణవాయువు ఎక్కువైతే జీవక్రియ మరింత చురుకుగా సాగుతుందని మనం అనుకొంటాము. జరిగేది అందుకు విరుద్ధం. కణాలలో సూపరాక్సైడు, హైడ్రోజన్ పెరాక్సైడు వంటి తీవ్రమైన పదార్థాలు పుడతాయి. వాటిని అణచే ఎంజైములు మనకు ఉన్నాయి గాని, ఉత్పత్తి వాటి శక్తిని మించినపుడు అవి చేతులెత్తేస్తాయి. శక్తిని తయారుచేసే ఎంజైములే దెబ్బతింటాయి. మెదడును శాంతపరచే గాబా అనే రసాయనం తగ్గుతుంది. మూర్ఛకు అది ఒక ముఖ్య కారణం. పైగా సిరలలో సైతం ప్రాణవాయువును వీడని హీమోగ్లోబిన్ బొగ్గుపులుసు వాయువును సరిగా మోయలేదు. ఈ సంబంధాన్ని 1914లో తెలిపినవారిలో జాన్ స్కాట్ హాల్డేన్ ఒకడు.

ఆయన కుమారుడు జె.బి.యస్. హాల్డేన్ ఈ విషాన్ని తన శరీరం మీదనే పరీక్షించుకొన్నాడు. 1939లో థెటిస్ అనే బ్రిటిషు జలాంతర్గామి మునిగి 99 మంది మరణించారు. ఆ తరువాత ఆయన, ఆయన సహచరులు ఉక్కు గదులలో కూర్చుని రకరకాల వాయువులను పీల్చారు. ఏడు వాతావరణాల పీడనంలో స్వచ్ఛమైన ప్రాణవాయువు కొద్ది నిమిషాలకే మూర్ఛ తెప్పిస్తుందని తేలింది. ఇటువంటి మూర్ఛలో ఒకసారి ఆయన వెన్నుపూసలు దెబ్బతిన్నాయి. వాసనా రుచీ లేవని పుస్తకాలు చెప్పే ప్రాణవాయువుకు అధిక పీడనంలో రుచి ఉన్నదని కూడా ఆయన గమనించాడు! 1957లో మనదేశానికి వచ్చి స్థిరపడిన హాల్డేన్ 1964లో భువనేశ్వర్‌లో మరణించాడు. ఆయన కోరిక మేరకు దేహాన్ని కాకినాడలోని రంగరాయ వైద్య కళాశాలకు అప్పగించారు. జీవించి ఉండగా ప్రయోగశాలగా మారిన శరీరం ఆ పిదప తెలుగు విద్యార్థులకు పాఠమైనది.

స్వచ్ఛమైన ప్రాణవాయువుతో సుమారు 6 మీటర్లకు మించి దిగరాదని నేడు డైవర్లు పాటిస్తున్నారు. 2025 జూలైలో విశాఖపట్నంలో నౌకాదళంలో చేరిన నిస్తార్ నౌకనుండి 300 మీటర్ల లోతువరకు దిగవచ్చు. అంత లోతున పీల్చే మిశ్రమంలో అధికభాగం హీలియమే. ప్రాణవాయువు నూటికి ఒకటి రెండు పాళ్లు ఉంటే చాలు, పీడనమే దానిని సరిపడినంత చేస్తుంది.

వైద్యులు కూడా సాధారణంగా రెండు, మూడు వాతావరణాల మధ్యనే ఆగుతారు. మధుమేహం వలన మానని కాలిపుండ్లకు ఈ చికిత్స చేసినపుడు కొత్త రక్తనాళాలు మొలకెత్తుతాయి. తెల్లరక్తకణాలు మనం పైన చెప్పుకొన్న తీవ్ర పదార్థాలనే ఆయుధాలుగా చేసికొని సూక్ష్మజీవులను చంపుతాయి. అయినా రోగిని గంట, రెండు గంటలు గదిలో ఉంచినపుడు మధ్యమధ్య ముసుగు తీసి ఐదేసి నిమిషాలు మామూలు గాలి పీల్చనిస్తారు. కణాలు తేరుకొనటానికి ఆ విరామం అవసరం.