లుంగీ ఆఫీసుకెళ్లే దేశం

మన అండమాన్‌లోని డాలీగంజ్‌లో మగవాళ్ల లుంగీకి వేళలున్నాయి. పొద్దున్నే పాలప్యాకెట్‌కి, చేపలకి, సాయంత్రం నలుగురితో కబుర్లకి సరే. తొమ్మిది కొట్టేసరికి ప్యాంటు ఎక్కాలి. శ్రీకాకుళం, విశాఖ వైపు నుంచి వచ్చి ఈ దీవుల్లో స్థిరపడ్డ మన ఇళ్లలో పట్టుపంచె కూడా ఉంటుంది గానీ, అది పెళ్లికో సత్యనారాయణ వ్రతానికో బీరువాలోంచి బయటికొస్తుంది. ఇదంతా సహజమే అనుకుంటాం. పసిఫిక్ మహాసముద్రంలోని సమోవాలో మాత్రం నడుముకు చుట్టే ఆ కట్టే పోలీసుల యూనిఫాం.

సమోవా జనాభా సుమారు 2 లక్షలు, అంటే మన అండమాన్ నికోబార్ కన్నా తక్కువ. అక్కడ ఇంట్లో ఆడామగా అందరూ కట్టేది లావాలావా. కుట్టు లేని పొడవాటి గుడ్డను నడుముకు చుట్టి, కొసను లోపలికి దోపుకుంటారు. మన లుంగీకి దగ్గరి చుట్టమే. అసలు సంగతి దాని తర్వాతి రూపంలో ఉంది. దాని పేరు ఇయె ఫైతంగ. సూటుకు వాడే మందపాటి గుడ్డతో దర్జీ కుడతాడు, పక్కన జేబులు పెడతాడు, నడుము దగ్గర బిగించుకునే ఏర్పాటు చేస్తాడు. మోకాలు దాటి దిగుతుంది. పైన ఇస్త్రీ చొక్కా, కావాలంటే టై, కోటు. గుమాస్తా అయినా మంత్రి అయినా దానితోనే పనికి వెళ్తారు. ఆడవాళ్లకు పులెతాసి ఉంది: కింద పొడవాటి కట్టు, పైన అదే గుడ్డతో పొడుగు జాకెట్టు. ఆదివారం చర్చిలో ఎక్కువగా తెలుపే కనిపిస్తుంది. అక్టోబరు రెండో ఆదివారం పిల్లల పండుగ, ఆ రోజు పిల్లలంతా తెల్లబట్టల్లోనే.

నూలుగుడ్డ రాకముందు అక్కడ చెట్టు బెరడే వస్త్రం. కాగితపు మల్బరీ కొమ్మ బెరడు ఒలిచి, లోపలి మెత్తని పొరను విడదీసి, గవ్వచిప్పలతో గీకుతారు. తర్వాత చెక్క దిమ్మె మీద పెట్టి కొయ్యతో బాదుతారు. బాదేకొద్దీ నార వెడల్పవుతుంది, పలచబడుతుంది. ముక్కలను గంజితో అతికి, చెక్కిన పలక మీద పరిచి రంగు రుద్దితే డిజైన్ తేలుతుంది. దీన్ని సియాపో అంటారు. ఇదేమీ మనకు దూరపు విద్య కాదు, గ్రేట్ నికోబార్ ఆదివాసులు షోంపెన్లు కూడా బెరడును కొట్టి బట్టగా వాడినవాళ్లే.

1830లో లండన్ మిషనరీ జాన్ విలియమ్స్ వచ్చాక బెరడు పోయి నూలు వచ్చింది, ఒంటినిండా బట్ట వచ్చింది. చుట్టే పద్ధతి మాత్రం పోలేదు. పైగా అది రాజకీయమైంది. 1914 నుంచి సమోవాను న్యూజిలాండ్ పాలించింది. ఆ పాలనను ఎదిరించిన మావు ఉద్యమకారులు తెల్లచార ఉన్న ముదురునీలం లావాలావాను యూనిఫాంగా కట్టారు. 1929 డిసెంబరు 28న వాళ్ల ఊరేగింపు మీద పోలీసులు కాల్పులు జరిపితే నాయకుడు టుపువా తమసెసె చనిపోయాడు. ఆ తర్వాత మావు యూనిఫాం వేసుకోవడమే నేరమైంది.

అదే కాలంలో మన సిక్కోలులో పొందూరు ఖద్దరు ఉంది. పత్తిని వాలుగ చేప దవడ ఎముకతో దువ్వి, దారం తీసి నేసే బట్ట అది. దాని సంగతి తెలుసుకు రమ్మని గాంధీ తన కొడుకు దేవదాస్‌ను పంపారు. రెండు చోట్లా బట్టే జెండా అయింది. తేడా స్వాతంత్ర్యం తర్వాత వచ్చింది. 1962లో స్వతంత్రమైన సమోవా కట్టును ఆఫీసుకు తీసుకెళ్లింది. మన దగ్గర పంచె నాయకుడికి హుందా, గుమాస్తాకి నామోషీ.

ఇంకొకటి చెప్పాలి, అది కట్టుకునే బట్టకన్నా ఇచ్చిపుచ్చుకునే బట్ట: ఇయె తోంగ. మన ఉద్దానంలో గట్ల మీద పెరిగే మొగలి జాతి ఆకును సన్నగా చీల్చి అల్లిన చాప. మంచిదైతే నెలలు, ఒక్కోసారి ఏళ్లు పడుతుంది. పెళ్లిలో, చావులో, పెద్దరికం కట్టబెట్టేటప్పుడు ఇదే కానుక. 2019లో యునెస్కో ఈ అల్లిక విద్యను తన వారసత్వ జాబితాలో చేర్చింది. ఈ చాప క్షమాపణకూ పనికొస్తుంది. న్యూజిలాండ్‌లో ఇప్పుడు దాదాపు సమోవాలో ఉన్నంతమంది సమోవన్లు ఉన్నారు. 1970లలో అక్కడి పోలీసులు తెల్లవారుజామున పసిఫిక్ వాళ్ల ఇళ్ల మీద పడి, వీసా గడువు దాటినవాళ్లను పట్టుకెళ్లేవారు. దానికి 2021 ఆగస్టు 1న ఆక్లాండ్‌లో అప్పటి ప్రధాని జసిండా ఆర్డెర్న్ క్షమాపణ చెప్పారు. ముందుగా సమోవా ఆచారం ప్రకారం ఆమె మీద ఈ చాప కప్పారు, తర్వాత తీశారు. తీశారంటే క్షమాపణను అందుకున్నట్టు.

ఇక మన సంగతి. ఈ దీవుల ఉక్కకు ప్యాంటు కన్నా పంచె హాయి అని కట్టుకున్న ప్రతివాడికీ తెలుసు. జేబులున్న పంచెలు, అంటించుకునే పట్టీ పంచెలు బజార్లో అమ్ముతూనే ఉన్నారు. పెళ్లికి కొన్నది ఉంటే, ఒక సోమవారం దాన్ని ఇస్త్రీ చేయించి ఆఫీసుకు కట్టుకెళ్లండి.