ఒకే పుటలో ఎదురెదురు నడకలు

ఉర్దూ, తెలుగు భాషలు రెండింటికీ చోటిచ్చే కళాశాల సంచికకు రెండు ముఖపత్రాలుండడం మనమెరిగినదే. ఒక అట్ట తెరిస్తే తెలుగు, రెండవ అట్ట తెరిస్తే ఉర్దూ. ఎదురెదురుగా బయలుదేరిన రెండు భాషలు సంచిక నడుమ కలుసుకుంటాయి. కాగితం మీద ఈ ఏర్పాటు చక్కగా అమరింది. కాని సెల్‌ఫోన్‌లో చదివే వెబ్ పుటకు వెనుక అట్ట లేదు. అక్కడ రెండు భాషలూ ఒకే పుటలో, ఒక్కొక్కప్పుడు ఒకే పంక్తిలో ఇమడవలసి ఉంటుంది. అది ఎట్లు సాధ్యమో విద్యార్థులకు వివరించడమే ఈ వ్యాసోద్దేశం.

ముందుగా ఒక అపోహ తొలగాలి. ఉర్దూ అక్షరాలను కంప్యూటర్ వెనుకనుండి ముందుకు దాచుకోదు. 1991లో వెలువడిన యూనికోడ్ విధానం ప్రకారం తెలుగులోనైనా, ఉర్దూలోనైనా అక్షరాలు చదివే క్రమంలోనే నిలువ ఉంటాయి. 'పలాస'లో 'ప' మొదటిది. 'కితాబ్'లో 'కాఫ్' మొదటిది. కుడి ఎడమల ప్రసక్తి తెరపై చూపే వేళనే వస్తుంది. తెలుగు అక్షరానికి ఎడమనుండి కుడికి, ఉర్దూ అక్షరానికి కుడినుండి ఎడమకు స్వభావసిద్ధమైన నడక ఉన్నది. అంకెలు ఉర్దూలో సైతం ఎడమనుండి కుడికే సాగుతాయి. కుండలీకరణాలు, అడ్డగీతలు, విరామచిహ్నాలు మాత్రం ఇరుగుపొరుగును బట్టి దిశను మార్చుకుంటాయి. చిక్కంతా వీటితోనే.

ఒకమారు నేను ఉర్దూలో ప్రవేశ ప్రకటన ఒకటి కూర్చాను. ఫోను నంబరులో ఊరి కోడ్‌కు, తక్కిన అంకెలకు నడుమ అడ్డగీత ఉంచాను. తెరపై ఆ గీత ఉర్దూ నడకను అనుసరించింది. కోడ్ కుడివైపుకు, తక్కిన అంకెలు ఎడమకు చేరాయి. ఒక్క అంకె కూడా తప్పు కాదు, అయినా నంబరు తప్పు. ఒక విద్యార్థి తండ్రి వచ్చి, ఎన్నిమార్లు చేసినా ఫోను కలవలేదని చెప్పేవరకు ఆ సంగతి నాకు తెలియలేదు.

దీనికి విరుగుడు సులభమే. హెచ్‌టీఎంఎల్‌లో 1997 నుండి 'డిర్' అనే గుణం దిశను తెలుపుతున్నది. 'లాంగ్' అనే గుణం భాషను తెలుపుతుంది. ఉర్దూ భాగానికి ఈ రెండూ తప్పక చెప్పాలి. అక్షరాలను కుడి అంచుకు జరిపినంత మాత్రాన దిశ మారదు. స్థానం మాత్రమే మారుతుంది. వాక్యం నడుమ వచ్చే నంబరును 'బిడిఐ' అనే చిన్న గుర్తులో బంధించి, ఎడమనుండి కుడికని నిర్దేశిస్తే పరిసరాల ప్రభావం దానిపై పడదు.

ఇక పుట అలంకరణ. పలాస రైల్వే స్టేషన్‌లో ఒక ప్రయాణికునికి "ఇచ్ఛాపురం వైపు చివర నిలబడండి" అని చెప్పామనుకోండి. హౌరా వెళ్లే బండికి ఇంజను అటే ఉంటుంది. విశాఖపట్నం వెళ్లే బండికి అది వెనుకభాగం. "ఇంజను వైపు నిలబడండి" అంటే రెండు బండ్లకూ సరిపోతుంది. సీఎస్ఎస్‌లో 'మార్జిన్-లెఫ్ట్' మొదటి మాట వంటిది, 'మార్జిన్-ఇన్‌లైన్-స్టార్ట్' రెండవ మాట వంటిది. ఎడమ, కుడి అనక 'ఆరంభం', 'అంతం' అని రాస్తే ఒకే అలంకరణ ఉభయభాషలకూ ఒదుగుతుంది.

అయితే అన్నింటినీ తిప్పరాదు. 'తరువాతి పుట' అని చూపే బాణం ఉర్దూలో ఎడమకు తిరగాలి. ఉద్దానం పటంలో సముద్రం మాత్రం ఏ భాషలోనైనా తూర్పునే ఉండాలి! నస్తాలీఖ్ లిపి కుడి పైభాగం నుండి ఎడమ కిందికి వాలుగా దిగుతుంది; కనుక పంక్తుల నడుమ ఎడం ఎక్కువ కావాలి. మన వత్తులకూ కొంత ఎడం అవసరమే. ఉర్దూ అక్షరాల మధ్య ఖాళీ పెంచితే కలిసి ఉండవలసిన అక్షరాలు విడిపోతాయి. ఈ లిపి సొగసును యంత్రంలోకి తేవడానికి మీర్జా అహ్మద్ జమీల్ వేలకొలది అక్షరసంయోగాలను స్వహస్తంతో రాయవలసి వచ్చింది. 1981లో 'నూరీ నస్తాలీఖ్' రూపొందింది.

ఇదంతా సొగసుకోసమేనా? కాదు. 2022లో ఆంధ్రప్రదేశ్‌లో ఉర్దూ రెండవ అధికారభాష అయినది. మూత్రపిండాల వ్యాధితో ఉద్దానం చిరకాలంగా బాధపడుతున్నది. 2023లో పలాసలో 200 పడకల ఆసుపత్రి, పరిశోధన కేంద్రం ప్రారంభమయ్యాయి. రేపు టెక్కలిలోనో, పలాసలోనో జరిగే వైద్యశిబిరపు ప్రకటనను రెండు భాషల్లో కూర్చవలసినవారు మీలోనే ఉండవచ్చు. అందులో ఫోను నంబరు తారుమారైతే నష్టపోయేది రోగి.

ప్రియ విద్యార్థులారా, ఉర్దూ కుడినుండి రానీయండి, తెలుగు ఎడమనుండి రానీయండి. దేని నడకనూ చెరపక, రెండింటికీ దారి విడిచే కూర్పరితనం నేర్చుకోండి. మన సంచికను వెబ్ పుటగా మలచే పనిలో కళాశాల కార్యవర్గం మీకు అవకాశమిస్తుందని ఆశిస్తున్నాను.