రష్ స్ట్రీట్‌లో సారా పాట

షికాగోలో రష్ స్ట్రీట్, బెల్‌వ్యూ ప్లేస్ కలిసే మూలన, 1028 నంబరు చిరునామాలో ఇవాళ గిబ్సన్స్ అనే స్టేక్‌హౌస్ ఉంది. 1953 నుంచి 1975 దాకా అక్కడ నడిచింది ‘మిస్టర్ కెల్లీస్’ అనే నైట్‌క్లబ్. 1957 ఆగస్టులో జాజ్ గాయని సారా వాన్ అక్కడ పాడుతుండగా రికార్డు చేశారు. ఆ ఆల్బమ్‌లో ‘విల్లో వీప్ ఫర్ మీ’ అనే పాత పాట ఉంది. జాజ్ బల్లాడ్ అంటే నిదానంగా, భావం మీద నడిచే పాట. దాని రుచి తెలుసుకోవాలని ఎవరైనా అడిగితే నేను మొదట చెప్పేది ఆ పాట పేరే.

అన్నదమ్ముల క్లబ్బు

ఆస్కార్, జార్జ్ మేరియన్‌థాల్ అనే అన్నదమ్ములు ఈ క్లబ్బును నడిపారు. కింద భోజనం బల్లలు, వాటికి ఆనుకున్నట్టే వేదిక. 1955లో ఒకసారి, 1966లో ఇంకోసారి అగ్నిప్రమాదం జరిగింది. రెండుసార్లూ మళ్ళీ కట్టుకుని తెరిచారు. బార్బ్రా స్ట్రైసాండ్ పేరు దేశమంతా తెలియకముందే ఇక్కడ పాడింది. లెన్నీ బ్రూస్, మోర్ట్ సాల్, వుడీ ఆలెన్ ఇక్కడ నవ్వించారు. నల్లవాళ్ళు ఎక్కడ ఉండాలో, తెల్లవాళ్ళు ఎక్కడ ఉండాలో గీత గీసినట్టు విడిపోయిన నగరం అది. అలాంటి చోట, నగరపు ఉత్తర భాగంలోని ఖరీదైన వీధిలో నల్లజాతి గాయనులను ప్రధాన ఆకర్షణగా నిలబెట్టిన క్లబ్బు ఇది. ఆ ఘనత దీనికి దక్కాల్సిందే.

ఆ వేదిక మీద నలుగురు

సారా 1924లో న్యూజెర్సీలోని న్యూఆర్క్‌లో పుట్టింది. చిన్నప్పటి నుంచీ చర్చిలో పాడింది, పియానో వాయించింది. హార్లెమ్‌లోని అపోలో థియేటర్ పోటీలో గెలిచాక, 1943లో ఎర్ల్ హైన్స్ బృందంలో గాయనిగానే కాక రెండో పియానిస్టుగానూ చేరింది. ఆమె పాటలో ఈ పియానో చదువు అడుగడుగునా వినిపిస్తుంది. వెనక వాద్యాలు ఏ స్వరాల కూర్పు వేస్తాయో ముందే తెలిసిన మనిషి కాబట్టి, మామూలు గాయకులు వెళ్ళడానికి జంకే స్వరం మీద కూడా ధీమాగా వాలుతుంది.

1957 ఆగస్టు నాటికి ఆమెకు 33 ఏళ్ళు. పక్కన పియానో మీద జిమ్మీ జోన్స్, బాస్ మీద రిచర్డ్ డేవిస్, డ్రమ్స్ మీద రాయ్ హేన్స్. అంతే. వయొలిన్ల బారు లేదు, ట్రంపెట్ల హోరు లేదు. గొంతు దాక్కోవడానికి చోటే లేదు. పియానో ఆమె మాట ముగిశాకే నోరు విప్పుతుంది. బాస్ నేల చూపిస్తుంది. డ్రమ్స్ లయను నొక్కి చెప్పకుండా మోస్తాయి.

పాట నడిచే తీరు

‘విల్లో వీప్ ఫర్ మీ’ని 1932లో ఆన్ రోనెల్ రాసి, బాణీ కట్టి, జార్జ్ గెర్ష్విన్‌కు అంకితమిచ్చింది. పాటలు కట్టే వ్యాపారంలో ఆడవాళ్ళు వేళ్ళ మీద లెక్కపెట్టేటంతమంది ఉన్న కాలమది. తరాలు మారినా జాజ్ వాళ్ళు పాడుతూనే ఉండే ఇలాంటి పాటలనే స్టాండర్డ్ అంటారు. ఆ బాణీ అందరికీ తెలుసు. కాబట్టి శ్రోత ఎదురుచూసేది కథ కోసం కాదు, సారా దాన్ని ఎలా చెబుతుందోనని.

ప్రేమ పోగొట్టుకున్న మనిషి ఏటి ఒడ్డు చెట్టుతో మొరపెట్టుకోవడమే పాట సారాంశం. సారా ఆ దుఃఖాన్ని తొందరపెట్టదు. మాటను తాళానికి కాస్త వెనకగా వదులుతుంది. చివరి అక్షరాన్ని ముందు నిటారుగా నిలిపి, తర్వాతే కంపనం ఇస్తుంది. క్షేత్రయ్య పదాన్ని చౌకకాలంలో వినే అలవాటున్న మనవాళ్ళకు ఈ నిదానం కొత్త కాదు. అదే పంక్తి రెండోసారి వచ్చినప్పుడు భావం మారి వస్తుంది.

చప్పుడైన చోట

పాట మధ్యలో ఏదో దబ్బున పడిన చప్పుడు. సారాకు నవ్వొస్తుంది. ఆ నవ్వు పాటలోకే వచ్చేస్తుంది. ఈ పాటను బాగా చెడగొట్టానన్న మాటను కూడా అదే బాణీలో పాడేస్తుంది. వాద్యాలు ఆగవు. గదిలో జనం నవ్వుతారు. ఇంత జరిగినా పాటలో దిగులు చెదరదు. స్టూడియోలో అయితే ఆ టేపు పక్కన పడేసి మళ్ళీ మొదలుపెట్టేవారు. నిర్మాత బాబ్ షాడ్ దాన్ని అలాగే రికార్డులో ఉంచాడు. ఆయనకు మనం రుణపడి ఉన్నాం.

1958 మార్చిలో, అదే అన్నదమ్ములకు చెందిన లండన్ హౌస్‌లో, అర్ధరాత్రి దాటాక సారా పాటల మరో రికార్డింగ్ జరిగింది. అక్కడ ‘థాంక్స్ ఫర్ ద మెమరీ’లో ఒక మాట నోరు తిరగక తడబడింది. మళ్ళీ ఎత్తుకుంది, మళ్ళీ తడబడింది. అదీ ఆల్బమ్‌లో ఉంది. ఇంత నైపుణ్యమున్న గొంతు తప్పును దాచుకోవాల్సిన అవసరం లేనంత చనువుగా ఉన్న గదులవి. ఎదురుగా కూర్చున్నవాళ్ళు తనను పరీక్షించడానికి రాలేదని తెలిస్తేనే ఏ గాయనైనా అంత నెమ్మదిగా పాడగలదు. బల్లాడ్‌కు కావలసింది ముందుగా ఆ నమ్మకం.

ఇప్పుడు వెళితే

ఆ వేదిక లేదు. అయితే అక్కడి నుంచి నడిచి వెళ్ళేంత దూరంలో, వాల్టన్ స్ట్రీట్‌లో న్యూబెర్రీ లైబ్రరీ ఉంది. మిస్టర్ కెల్లీస్ చరిత్ర మీద 2024లో అక్కడ ప్రదర్శన పెట్టారు. క్లబ్బు మీద 2021లో ఒక డాక్యుమెంటరీ కూడా వచ్చింది. లండన్ హౌస్ ఉన్న భవనం మిషిగన్ అవెన్యూ, వాకర్ డ్రైవ్ మూలన ఇప్పుడు అదే పేరుతో హోటల్‌గా నడుస్తోంది. నేపర్‌విల్, షాంబర్గ్ లాంటి శివారు ఊళ్ళలో ఉండే మన తెలుగువాళ్ళు నగరంలోకి వచ్చినప్పుడు ఈ రెండు మూలలూ ఒక్క సాయంత్రంలో చూడొచ్చు.

వెళ్ళే ముందు పాట వినండి. మొదటిసారి గొంతు వెంట, రెండోసారి పియానో వెంట, మూడోసారి బాస్ వెంట. ఆ తర్వాత ఎల్లా ఫిట్జ్‌జెరాల్డ్ 1958 ఆగస్టులో ఇదే క్లబ్బులో పాడినది వినండి. అది బయటికి రావడానికి 2007 దాకా పట్టింది. ఇద్దరు మహా గాయనులు ఏడాది తేడాతో ఒకే వేదిక మీద ఎంత వేరుగా పాడారో అర్థమవుతుంది. సారా 1990లో కన్నుమూసింది. రాయ్ హేన్స్ 99 ఏళ్ళ వయసులో, 2024లో వెళ్ళిపోయాడు. ఆ నలుగురిలో ఇప్పుడు ఎవరూ లేరు. అయినా వాళ్ళు ఒకరిమాట ఒకరు విన్న తీరు ఆ టేపులో చెక్కుచెదరలేదు. సంగీతం వినడం మొదలుపెట్టే పిల్లలకు అంతకన్నా మంచి పాఠం నాకు తెలియదు.