కంటికీ ఒక హక్కు ఉంది

గత సంవత్సరం ఒక ఉదయం ఫజ్ర్ నమాజు ముగిసిన తర్వాత మా మస్జిదులో ఒక యువకుడు ఖుర్‌ఆన్ పారాయణం చేస్తూ కనిపించాడు. ముస్‌హఫ్‌ను ఎదురుగా కాక కుడివైపుకు జరిపి పట్టుకుని, మెడ ఓరగా వంచి చదువుతున్నాడు. పదేళ్ల క్రితం నా ముందు కూర్చుని అక్షరాలు నేర్చుకున్న విద్యార్థి అతడు. ఇప్పుడు ఇళ్లకు నాపరాయి బండలు కోసి పరిచే పని చేస్తాడు. దగ్గరకు వెళ్లి చూస్తే, అతని ఎడమ కంటి నల్లగుడ్డు మీద తెల్లని పువ్వు వేసి ఉంది.

జరిగినది అతని నోటనే విన్నాను. గ్రైండరుతో బండ అంచు కోస్తుండగా కంట్లో ఏదో పడింది. తోటి పనివాడు తువ్వాలు కొసతో తుడిచాడు. పోలేదు. మరొకడు అగ్గిపుల్లకు దూది చుట్టి తీయబోయాడు. సాయంత్రం మందుల దుకాణంలో అడిగి చుక్కల మందు వేసుకున్నాడు. మరునాడు కన్ను ఎర్రబడింది. పని మానితే కూలి పోతుందని పనికే వెళ్లాడు. నాలుగో రోజున ఆసుపత్రికి చేరేసరికి కంటిపై పుండు పడి చీము పట్టింది. వైద్యులు కంటిని నిలిపారు కానీ చూపును నిలపలేకపోయారు.

నేను అతనిని ఓదార్చబోయాను. తన దాసుని రెండు ప్రియమైన కళ్లను తీసుకున్నప్పుడు, అతడు సహనం వహిస్తే వాటికి బదులుగా స్వర్గాన్ని ప్రసాదిస్తానని అల్లాహ్ వాగ్దానం చేశాడన్న హదీసును జ్ఞాపకం చేశాను. అతడు మర్యాదగా విన్నాడు. తర్వాత తల వంచుకుని ఇలా అన్నాడు: “హజ్రత్, కన్ను పోయాక సబ్ర్ గురించి అందరూ చెప్పారు. పోకముందు అద్దాల గురించి ఒక్కరూ చెప్పలేదు.”

నా దగ్గర సమాధానం లేకపోయింది. ఇన్నేళ్లుగా జుమా ప్రసంగాలు చేస్తున్నాను. చూపును నిషిద్ధాల నుండి కాపాడుకోవాలని ఎన్నోమార్లు చెప్పాను. ఆ చూపునే రాతి ముక్క నుండి కాపాడుకోవాలని ఒక్కమారూ చెప్పలేదు. ఈ వ్యాసం ఆ బాకీ తీర్చుకునే ప్రయత్నం.

ధర్మం చెప్పినదేమిటి?

హజ్రత్ అబ్దుల్లాహ్ బిన్ అమ్ర్ (రజి) పగలంతా ఉపవాసం, రాత్రంతా నమాజు అనే నియమం పెట్టుకున్నప్పుడు దైవప్రవక్త ముహమ్మద్ (స) ఆయనను వారించారు. శరీరానికి నీపై హక్కు ఉంది, నీ కంటికి నీపై హక్కు ఉంది అని బోధించారు. ఆరాధన కోసమైనా సరే, కంటి హక్కును కాలరాయడానికి వీలు లేదన్నమాట. అటువంటప్పుడు తొందరపాటు కోసం, వంద రూపాయల పొదుపు కోసం కాలరాయవచ్చునా?

మరొక హదీసు మన విషయానికి ఇంకా దగ్గరగా ఉంది. బుఖారీ, ముస్లిం గ్రంథాలు రెండింటిలోనూ ఉన్నది. హజ్రత్ అబ్దుల్లాహ్ బిన్ ముగఫ్ఫల్ (రజి) ఒక వ్యక్తి వేళ్లతో గులకరాళ్లు విసరడం చూసి వద్దన్నారు. దైవప్రవక్త (స) దానిని నిషేధించారనీ, దానివల్ల వేట చిక్కదు, శత్రువు దెబ్బతినడు, కానీ పళ్లు విరుగుతాయి, కళ్లు పోతాయనీ కారణం వివరించారు. అతడు మళ్లీ అదే పని చేయడంతో, ఇక నీతో మాట్లాడను అనేశారు. వేళ్లతో విసిరిన గులకరాయి విషయంలోనే సహాబీ ఇంత పట్టుదల చూపితే, యంత్రం విసిరే రాయి విషయంలో మనం మౌనంగా ఉండటం ఎంతవరకు సబబు?

అలాగే మస్జిదులోనో బజారులోనో బాణాలు పట్టుకుని నడిచేవారు వాటి మొనలను చేతితో పట్టుకోవాలని, ఎవరికీ గాయం కాకూడదని దైవప్రవక్త (స) ఆదేశించారు. పనిముట్టు పట్టుకున్నవాడే పక్కవారి క్షేమానికి కూడా బాధ్యుడని దీని సారాంశం. సబ్ర్ ఆపద వచ్చిన తర్వాతి ధర్మం. ఒంటెను కట్టివేసి ఆ తర్వాత అల్లాహ్‌పై భారం వేయడం ఆపదకు ముందరి ధర్మం. రెండవదాన్ని వదిలేసి మొదటిదాన్ని మాత్రమే బోధిస్తే మనం ధర్మాన్ని సగమే చెప్పినట్లు.

పల్నాడు రాయి, పల్నాడు కన్ను

మన పల్నాడుకు రాయితో అనుబంధం నేటిది కాదు. దాదాపు రెండు వేల సంవత్సరాల క్రితం అమరావతి శిల్పాలకూ, తర్వాత నాగార్జునకొండ శిల్పాలకూ వాడినది ఈ ప్రాంతపు సున్నపురాయే. 1955లో పునాది పడిన నాగార్జునసాగర్ ఆనకట్ట రాతి కట్టడమే. నేడు మాచర్ల, దాచేపల్లి ప్రాంతాల్లో నాపరాయి గనులు, కోత మిషన్లు, పాలిష్ యూనిట్లు ఉన్నాయి. పిడుగురాళ్ల పేరు చెబితే సున్నపు బట్టీలే గుర్తుకొస్తాయి. నరసరావుపేట, గురజాల వంటి ఊళ్లలో వెల్డింగ్ షాపులు, ట్రాక్టర్ ట్రక్కుల షెడ్లు, వడ్రంగి దుకాణాలు ఎన్నో. మన ఇళ్లలోని ఎందరో పిల్లలు ఈ పనుల్లోనే బతుకుతెరువు వెతుక్కుంటున్నారు.

పూర్వం శిల్పి ఉలితో చెక్కినప్పుడు పెచ్చు ఎగిరేది నిజమే. కానీ చేతి వేగం వేరు, యంత్రం వేగం వేరు. నాలుగు అంగుళాల గ్రైండరులోని చక్రం నిమిషానికి సుమారు 11,000 చుట్లు తిరుగుతుంది. లెక్క వేస్తే దాని అంచు గంటకు 200 కిలోమీటర్ల వేగంతో కదులుతున్నట్లు. ఆ అంచు నుండి తెగిన రేణువు అర మీటరు దూరంలోని ముఖాన్ని చేరడానికి సెకనులో వందో వంతు చాలు. రెప్ప మూయడానికి మాత్రం సెకనులో పదో వంతు పడుతుంది. “నేను జాగ్రత్తగానే ఉంటాను, కళ్లు మూసుకుంటాను” అనేవారు ఈ లెక్కను ఆలోచించాలి. అల్లాహ్ ఇచ్చిన రెప్ప దుమ్ముకూ గాలికీ చాలును. మనిషి చేసిన యంత్రానికి మనిషే మరో రెప్పను చేసుకోవాలి. ఆ రెప్పే రక్షణ అద్దం.

ఎటువంటి అద్దాలు?

చూపు కోసం పెట్టుకునే మామూలు కళ్లద్దాలు ఇందుకు పనికిరావు. పక్కల నుండి అవి తెరిచి ఉంటాయి. దెబ్బ తగిలితే పగిలి, ఆ ముక్కలే కంట్లో గుచ్చుకోవచ్చు. చలువ కళ్లద్దాలూ అంతే. పాలికార్బొనేటుతో చేసి, పక్కలు కూడా మూసి ఉన్న సేఫ్టీ గాగుల్స్ తీసుకోవాలి. వాటిపై మన దేశపు ప్రమాణమైన ఐ.ఎస్. 5983 గానీ, యూరప్ ప్రమాణం ఇ.ఎన్. 166 గానీ, అమెరికా ప్రమాణం జెడ్ 87 గానీ ముద్రించి ఉందేమో చూడండి. ఇనుప సామాన్ల దుకాణాల్లో కొన్ని వందల రూపాయల లోపే దొరుకుతాయి. చూపు అద్దాలు వాడేవారు వాటిపైన పెట్టుకునే రకాన్ని అడగాలి.

గ్రైండరు పట్టినప్పుడు గాగుల్స్‌పైన ముఖమంతా కప్పే షీల్డు కూడా ఉంటే మేలు. షీల్డు ఒక్కటే చాలదు, దాని కింది నుండి రేణువులు లోపలికి వస్తాయి. గ్రైండరుకు కంపెనీవారు బిగించిన గార్డును ఎన్నడూ తీయరాదు. పెద్ద చక్రం పట్టదని గార్డు ఊడదీసేవారు ఉన్నారు. చక్రం మీద రాసి ఉన్న చుట్ల సంఖ్య యంత్రపు చుట్ల సంఖ్య కన్నా తక్కువగా ఉంటే ఆ చక్రం ముక్కలై ఎగిరిపోవచ్చు. పగుళ్లు ఉన్నదీ, తడిసి పాతబడినదీ వాడరాదు. చక్రం తిరిగే వరుసలో నిలబడకుండా కొంచెం పక్కకు నిలబడాలి. రాయి పట్టుకునే సహాయకుడికీ, నీళ్లు పోసే కుర్రవాడికీ కూడా అద్దాలు ఉండాలి. సాధారణంగా మరచిపోయేది వారినే.

వెల్డింగ్ సంగతి వేరు. అక్కడ ఎగిరే నిప్పురవ్వలతోపాటు కంటికి కనబడని అతినీలలోహిత కిరణాలు ఉంటాయి. చూసినప్పుడు నొప్పి ఉండదు. కొన్ని గంటల తర్వాత, తరచుగా రాత్రివేళ, కళ్లలో ఇసుక పోసినట్లు మంట, నీరు కారడం మొదలవుతాయి. ఆర్క్ వెల్డింగ్‌కు తగిన నంబరు గల నల్లని అద్దం ఉన్న హెల్మెట్టే వాడాలి. షాపు ముందు నిలబడి వింతగా చూసే పిల్లలను అక్కడి నుండి పంపివేయడం కూడా వెల్డరు బాధ్యతే.

కంట్లో ఏదైనా పడితే?

మొదట, నలపవద్దు. తువ్వాలు కొసతో, అగ్గిపుల్లతో, సూదితో, నాలుకతో తీయనివ్వవద్దు. నల్లగుడ్డుపై ఉండే పారదర్శకమైన పొర మందం అర మిల్లీమీటరు మాత్రమే. గీరిన చోట క్రిములు చేరితే పుండు పడుతుంది. శుభ్రమైన నీటితో కడగవచ్చు. దానితో పోకపోతే అదే రోజున కంటి వైద్యుని చూడాలి. మందుల దుకాణంవారు ఇచ్చే స్టెరాయిడ్ చుక్కలు మంటను తగ్గించి, లోపల పుండును పెంచవచ్చు. గాయపడిన కంటిలో సుర్మా, పన్నీరు, చనుబాలు, ఆముదం వంటివి ఏవీ వేయరాదు. సుర్మా సున్నత్ అన్నది ఆరోగ్యంగా ఉన్న కంటి మాట.

సుత్తితో ఉలిని కొట్టినప్పుడు ఎగిరే సన్నని ఇనుప ముక్క మరింత మోసకారి. అది కంట్లోకి దూసుకుపోయినా నొప్పి అంతగా తెలియకపోవచ్చు. రోజులు గడిచేకొద్దీ లోపల తుప్పు పట్టి చూపును తినేస్తుంది. అందువల్ల ఇనుము కొడుతుండగా కంటికి ఏదో తగిలినట్లు అనిపించి, చూపు మసకబారినా, నల్లగుడ్డు ఆకారం మారినా కడగవద్దు, నొక్కవద్దు. కాగితపు కప్పు వంటిది కంటికి తగలకుండా పైన అడ్డుపెట్టి వెంటనే ఆసుపత్రికి తీసుకువెళ్లండి. కంట్లో ఇనుము ఉందన్న అనుమానం ఉంటే ఎం.ఆర్.ఐ. తీయించరాదని వైద్యునికి ముందే చెప్పండి.

సున్నం పడితే మాత్రం ఒక్క నిమిషం కూడా ఆగవద్దు. సున్నం ఆమ్లం కన్నా లోతుగా కంటిలోకి చొచ్చుకుపోతుంది. కనిపించే పొడి రేణువులను తడిలేని శుభ్రమైన గుడ్డతో రెప్పల పైనుండి దులిపి, వెంటనే ధారగా నీళ్లు పోస్తూ కనీసం అరగంట కడగాలి. రెప్పలు విప్పి వాటి లోపల కూడా కడగాలి. ఆ తర్వాతనే ప్రయాణం. తల్లులకు ఒక మనవి: తమలపాకులకు తెచ్చే సున్నం ప్యాకెట్టును పిల్లలు నొక్కితే చిట్లి కళ్లలోకి చిమ్ముతుంది. పిల్లలు ఇలా చూపు కోల్పోవడం గురించి మన దేశపు కంటి వైద్యులు హెచ్చరిస్తూనే ఉన్నారు. దానిని పిల్లలకు అందనివ్వకండి.

మాచర్ల నుండి గుంటూరుకు వంద కిలోమీటర్లకు పైనే. పెదకాకానిలోని శంకర కంటి ఆసుపత్రి, విజయవాడ దగ్గర తాడిగడపలోని ఎల్.వి. ప్రసాద్ కంటి వైద్య సంస్థ కూడా మనకు ఆ దూరానే ఉన్నాయి. దూరం ఉన్నచోట ముందు జాగ్రత్త విలువ రెట్టింపు.

తెలియని వైద్యం, తెలిసిన బాధ్యత

వైద్యం తెలియకుండా వైద్యం చేసినవాడు జరిగే నష్టానికి బాధ్యుడని హదీసు ఉంది. కంటి విషయంలో మన పూర్వీకులు దీనిని ఎంతో పట్టించుకున్నారు. సుమారు వెయ్యేళ్ల క్రితమే బాగ్దాదుకు చెందిన అలీ బిన్ ఈసా కంటి జబ్బులపై ప్రత్యేక గ్రంథం రాశారు. మోసుల్‌కు చెందిన అమ్మార్ బిన్ అలీ శుక్లాన్ని బోలు సూదితో పీల్చి తీసే పద్ధతిని వర్ణించారు. 12వ శతాబ్దానికి చెందిన షైజరీ, కంటి వైద్యులను పరీక్షించిన తర్వాతే వృత్తికి అనుమతించాలని బజారు అధికారులకు సూచించారు. అటువంటి వారసత్వం గల మనం అగ్గిపుల్లకు కన్ను అప్పగించడం సిగ్గుచేటు.

పని చేయించేవారికి ఒక మాట. మన ఫిఖ్‌హ్‌లో ఒక కన్ను పోగొట్టినందుకు సగం దియత్, రెండింటికీ పూర్తి దియత్. అంటే రెండు కళ్ల విలువ ఒక ప్రాణం విలువతో సమానం. మన దేశపు 1948 నాటి ఫ్యాక్టరీల చట్టం 35వ సెక్షన్‌లోనే కళ్ల రక్షణ గురించి ఉండేది. 1923 నాటి పనివారి నష్టపరిహార చట్టం, రెండవది బాగుండి ఒక కన్ను పూర్తిగా పోతే సంపాదన శక్తిలో 40 శాతం పోయినట్లు లెక్కించింది. చట్టం మిమ్మల్ని అడిగినా అడగకపోయినా, మీ చేతి కింద పనిచేసే కుర్రవాడి గురించి అల్లాహ్ అడుగుతాడు. వినికిడి, చూపు, హృదయం అన్నీ ప్రశ్నించబడతాయని ఖుర్‌ఆన్ హెచ్చరించింది కదా. గ్రైండరు కొన్న రోజునే దానితోపాటు రెండు జతల అద్దాలు కొనండి. “అద్దాలు లేకుండా ప్లగ్గు పెట్టవద్దు” అన్నది మీ షెడ్డు నియమం కావాలి.

తల్లులారా, సోదరీమణులారా! టిఫిన్ డబ్బా సర్దేటప్పుడు అద్దాలు కూడా ఉన్నాయా అని అడగండి. గీతలు పడి మసకబారితే పనివాడు వాటిని నుదుటి మీదికి నెట్టేస్తాడు. అందుకని సబ్బు నీళ్లతో కడిగి ఇవ్వండి, పాడైతే మార్పించండి.

నా విద్యార్థి మళ్లీ పనిలో చేరాడు. ఇప్పుడు గ్రైండరు ముట్టినా ముట్టకపోయినా పని చోట అద్దాలు తీయడు. మిగిలినది ఒక్క కన్నే గనుక. మా మదర్సా నుండి పనుల్లోకి వెళ్లే పిల్లలకు ఈ ఏడాది నుండి ఒక్కొక్క జత అద్దాలు ఇస్తున్నాము. మొదటి జతలను ఏ దుకాణంలో కొనాలో, ఎలాంటివి కొనాలో నాకు చూపించినవాడు అతడే.

మనకు అల్లాహ్ అప్పగించిన ఈ అమానతు హక్కును నెరవేర్చే సద్బుద్ధిని ఆయన మనందరికీ ప్రసాదించుగాక. ఆమీన్.