నేమ్‌ట్యాగ్ డే: బిళ్ల నుంచి బ్యాడ్జి దాకా

అమెరికాలో ఏటా మార్చి నెల మొదటి పూర్తి వారాన్ని పేర్ల వేడుకగా జరుపుకొనే ఆనవాయితీ ఒకటి ఉంది. పేర్ల అధ్యయనంపై మక్కువ గల జెర్రీ హిల్ 1997లో దీనికి శ్రీకారం చుట్టారు. అరుదైన పేర్లకు ఒక రోజు, పేరుకు అర్థం వెతుక్కోవడానికి ఒక రోజు కేటాయించిన ఈ వారంలో గురువారం 'నేమ్‌ట్యాగ్ డే'. ఆనాడు చేయవలసిన పని ఒక్కటే: పేరు రాసిన బ్యాడ్జిని అందరికీ కనబడేలా ధరించడం. సెలవు లేని ఈ సరదా పండుగ వెనుక నామ విజ్ఞానానికి పనికివచ్చే సామగ్రి మాత్రం తక్కువేమీ కాదు.

తెలుగువారికి బ్యాడ్జి కన్నా ముందే 'బిళ్ల' తెలుసు. కచేరీల్లో ఇత్తడి బిళ్ల ధరించిన సేవకుణ్ణి 'బిళ్ల బంట్రోతు' అనేవారు. ఆ బిళ్ల తెలిపేది కొలువును, మనిషిని కాదు. బంట్రోతు మారినా బిళ్ల మారనక్కరలేదు. నేటి బ్యాడ్జి ఇందుకు భిన్నంగా, చేసిన పనిని ఒక పేరుగల వ్యక్తికి ముడివేస్తుంది.

ఈ ముడి విలువ ఏమిటో బ్రిటిష్ వైద్యురాలు కేట్ గ్రేంజర్ అనుభవం చెబుతుంది. క్యాన్సర్‌తో బాధపడుతూ 2013లో ఆసుపత్రిలో ఉన్నప్పుడు, తనకు చికిత్స చేస్తున్న సిబ్బందిలో పలువురు పేరైనా చెప్పుకోకపోవడం ఆమె గమనించారు. 'హలో, మై నేమ్ ఈజ్' అనే ఉద్యమం అలా పుట్టింది. 2016లో ఆమె మరణించాక కూడా అది కొనసాగింది. 2017లో ఆస్ట్రేలియా మత్తువైద్యుడు రాబ్ హ్యాకెట్ తన పేరు, హోదా శస్త్రచికిత్స టోపీపైనే రాసుకొన్నారు. ముఖాలు మాస్కుల చాటున ఉండే గదిలో ఎవరిని ఏ పేరుతో పిలవాలో తెలియకపోతే రోగి ప్రాణానికే ముప్పు.

భారతదేశంలో పేరు పట్టీ పౌరహక్కుల చర్చలోనూ భాగమైంది. డి.కె. బసు వర్సెస్ పశ్చిమ బెంగాల్ రాష్ట్రం కేసులో 1996 డిసెంబరులో సుప్రీంకోర్టు, అరెస్టు చేసే పోలీసులు తమ పేరు, హోదా స్పష్టంగా కనిపించే పట్టీలు ధరించాలని ఆదేశించింది. నిర్బంధంలో హింస జరిగినప్పుడు బాధితుడు 'ఎవరో పోలీసు' అని మాత్రమే చెప్పగలిగితే విచారణ అక్కడే ఆగిపోతుంది. 2008 నాటి సవరణ ద్వారా క్రిమినల్ ప్రొసీజర్ కోడ్‌లో 41బి సెక్షన్‌గా చేరిన పేరు గుర్తింపు నియమం, ఇప్పుడు భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 36వ సెక్షన్‌లో ఉంది.

అయితే పేరు వ్యక్తిని మాత్రమే తెలపదు. తెలుగు బ్యాడ్జిపై ఇంటిపేరు సాధారణంగా ఒక పొడి అక్షరానికి కుదించుకుపోతుంది. పేరు చివరి రెడ్డి, శర్మ వంటి కులసూచకాలు మాత్రం పూర్తిగా నిలుస్తాయి. అంటే వంశం దాగినా కులం దాగదు. ఇక ఇంటిపేరును ముందు రాసుకొనే అలవాటు అమెరికా వెళ్లిన తెలుగువారికి మరో చిక్కు. అక్కడి 'ఫస్ట్ నేమ్' గడిలో వరుసలో మొదటిదని ఇంటిపేరు చేరితే, సదస్సు బ్యాడ్జిపై పెద్ద అక్షరాల్లో అచ్చయ్యేది అదే. అటుపై తోటివారు తాతముత్తాతల పేరుతోనే పలకరిస్తారు!

సంబోధన విషయం మరింత సున్నితమైనది. ఉత్త పేరుతో పిలవడం తెలుగులో చనువు, లేదా చులకన. బ్యాడ్జిపై 'గారు' ఉండదు. అందుకే దుకాణంలో ఉద్యోగి పేరు కళ్లెదుటే కనిపిస్తున్నా, కొనేవారు 'అమ్మా', 'బాబూ' అనే పిలుస్తారు.