రిజర్వు పైలట్ల పనివేళలు, వేతనం: నిబంధనలు ఏం చెబుతున్నాయి?

బస్తర్‌లోని జగదల్‌పుర్‌ మీదుగా హైదరాబాద్–రాయపుర్ మార్గంలో అలయన్స్ ఎయిర్ 2020 సెప్టెంబరు 21న ఉడాన్ పథకం కింద విమాన సేవలు ప్రారంభించింది. ఇలాంటి మార్గాల్లో సర్వీసులు తక్కువ. పైలట్ అస్వస్థతకు గురై, ప్రత్యామ్నాయం దొరకకపోతే ప్రయాణికులకు మిగిలేది రాయపుర్‌కు దాదాపు 300 కిలోమీటర్ల రోడ్డు మార్గమే. ఈ అవసరానికే విమానయాన సంస్థలు కొందరు పైలట్లను స్టాండ్‌బైలో ఉంచుతాయి.

విధిగా లెక్కిస్తారా?

స్టాండ్‌బై ఎప్పుడు మొదలై ఎప్పుడు ముగుస్తుందో పైలట్‌కు ముందే తెలపాలి. విమానాశ్రయంలో వేచి ఉన్న సమయం విధుల్లో భాగమే. ఇంటి వద్ద నిరీక్షణ మాత్రం పూర్తిగా లెక్కకు రాదు. పిలుపు వచ్చినా గగనయాన సమయం 7 రోజుల్లో 35 గంటలు, 365 రోజుల్లో 1,000 గంటలు మించరాదు.

వేతనం ఎవరు నిర్ణయిస్తారు?

పౌర విమానయాన డైరెక్టరేట్ జనరల్ (డీజీసీఏ) విధులకు, విశ్రాంతికి హద్దులు విధిస్తుంది, జీతాన్ని నిర్ణయించదు. అది ఒప్పందాన్ని బట్టి ఉంటుంది. స్థిర వేతనానికి ఎగిరిన గంటల భత్యం తోడయ్యే చోట, పిలుపు రాని రోజులు కొత్త ఫస్ట్ ఆఫీసర్ ఆదాయాన్ని తగ్గిస్తాయి. కనీస గంటల హామీయే వారికి రక్షణ. ఎయిరిండియా 2023లో ఈ హామీని 70 నుంచి 40 గంటలకు తగ్గించడాన్ని పైలట్లు వ్యతిరేకించారు.

తగినంత మంది లేకపోతే?

వారపు విశ్రాంతిని 36 నుంచి 48 గంటలకు పెంచిన నిబంధన 2025 జులై 1న, రాత్రి ల్యాండింగ్‌ల పరిమితి నవంబరు 1న అమల్లోకి వచ్చాయి. డిసెంబరులో సిబ్బంది చాలక ఇండిగో వేల సర్వీసులను రద్దు చేసింది. డీజీసీఏ తాత్కాలిక సడలింపు ఇచ్చింది. ఖాళీగా కనిపించే రిజర్వు పైలట్ విలువ అప్పుడే తెలిసింది.